ఎడమ సీట్లో కూర్చుని చూసిన స్టీరింగ్ వణుకు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడతాను. కర్నూలులో ఒక మెకానిక్ షెడ్డులో తొమ్మిదేళ్లు పనిచేశాను. బండి స్టీరింగ్ ఎందుకు వణుకుతోందో కనిపెట్టడం అక్కడ నా పని. ఆ తొమ్మిదేళ్లలో మొదటి ఏడేళ్లు నాకు బండి నడపడం రాదు.

లైసెన్సు మాత్రం ఉండేది. బద్వేలులో నేను చేరిన డ్రైవింగ్ స్కూలు కారుకు రెండు జతల పెడళ్లు ఉండేవి. పరీక్ష రోజున పాసయినవి పక్కన కూర్చున్న మాస్టారి కాళ్లు. కార్డు మీద ఫోటో నాది.

షెడ్డులో ఈ రహస్యం బయటపడకపోవడానికి నా తెలివితేటలేమీ కారణం కాదు. బండ్లు తెచ్చేవాళ్ల విశాల హృదయమే కారణం. ట్రయల్‌కు బయల్దేరేటప్పుడు ఎవరూ నా చేతికి తాళంచెవి ఇచ్చేవారు కాదు. "నువ్వు ఆ పక్క కూచో మ్మా" అనేవారు. నేను తల వంచుకుని వెళ్లి ఎడమ సీట్లో కూర్చునేదాన్ని. ఆడపిల్లకు బండి ఇస్తామా అన్న వాళ్ల పట్టుదలకు, బయట చిన్నబుచ్చుకున్నట్టు కనిపిస్తూ, లోపల దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని.

పోయిన నెల రిటైరయ్యాను. వయసు ముప్పై ఒకటి. నవ్వాలనుంటే నవ్వండి. మా సారు షెడ్డులో లిఫ్టులు పీకించి, ఆ చోట సీటు కవర్లు, రంగు లైట్లు, కుక్కలా మొరిగే హారన్లు అమ్మే కొట్టు పెట్టాడు. నన్ను కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లను చూసి నవ్వమన్నాడు. నా డిప్లొమాలో ఆ సబ్జెక్టు లేదు.

ఈ పనిలోకి రాబోతున్న ఇద్దరు పాలిటెక్నిక్ అమ్మాయిలు వచ్చి, "అక్కా, మాకేమన్నా చెప్పక్కా" అన్నారు. ఇద్దరు మనుషులు ఒకేసారి నా వైపు చూస్తే నాకు గొంతు ఎండిపోతుంది. రాసిస్తానన్నాను. తొమ్మిది డైరీలు ముందేసుకుని రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, సర్టిఫికెట్టు ఎవరిచ్చారు లాంటివి ఇందులో ఉండవు. పెరిగితే కదా.

ఏ వణుకు?

అందరూ వచ్చి ఒకే మాట చెబుతారు: "వైబ్రేషన్ వస్తాంది." డాక్టరు దగ్గరికి వెళ్లి "బాగలేదు" అన్నట్టు. అంతటితో తమ బాధ్యత తీరిపోయిందని వెళ్లి టీ తాగుతారు.

మీరు టీ తాగనివ్వకండి. కూర్చోబెట్టి అడగండి. ఎంత వేగంలో వస్తోంది? చేతికి తెలుస్తోందా, సీటు కింద తెలుస్తోందా? బ్రేకు తొక్కినప్పుడేనా, తొక్కకపోయినా వస్తోందా? గుంతలో పడ్డాక మొదలై ఆగకుండా కొట్టుకుంటోందా? ఈ మధ్య బండికి కొత్తగా ఏం చేయించారు? మొదటి నాలుగింటికీ తోచిన జవాబు చెబుతారు. అయిదోదానికి "ఏమీ చేపియ్యలే" అంటారు. అయిదోదాని జవాబు ఎప్పుడూ అబద్ధమే అనుకుని మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే.

నా మొదటి ఏడాదిలో ఒక టాక్సీ వచ్చింది. రోజూ మంత్రాలయం యాత్రికులను తిప్పే బండి. వణుకు బ్రేకు తొక్కినప్పుడే. అంతకుముందు రెండు షెడ్లలో దానికి చక్రాలు మార్చి మార్చి చూశారు. నేను డ్రైవర్ని అయిదు ప్రశ్నలూ అడిగి, ధైర్యం చేసి ఆరోది అడిగాను: "మంత్రాలయం చేరినాక బండి ఎక్కడ పెడతారన్నా?"

"యాడ పెడతా మ్మా, నేరుగా తుంగభద్ర ఒడ్డుకు. చక్రాలు నీళ్లలో దించి కడుగుతా."

"చేరిన వెంటనేనా?"

"వెంటనే. స్వామి దర్శనానికి వచ్చినోళ్లంతా మునుగుతాండారు. నా బండి మునిగితే తప్పేంది?"

కర్నూలు నుంచి బ్రేకులు తొక్కుకుంటూ వచ్చిన బండి. చక్రం లోపలి ఇనుప డిస్కు పెనంలా కాలుతుంటుంది. దాన్ని చన్నీళ్లలో ముంచితే వంకర పోతుంది. వంకర పోయిన డిస్కును బ్రేకు పట్టుకున్నప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. డిస్కులు మార్చి, పుణ్యస్నానానికి ముందు బండికి అరగంట విశ్రాంతి ఇవ్వమని చెప్పాను. అతను నా వైపు కాకుండా పక్కనున్న ఖాదర్ మేస్త్రీ వైపు చూసి "నిజమేనా అప్పా?" అని అడిగాడు. మేస్త్రీ "నిజమే" అన్నాక అది నిజమైంది.

నాకు పని నేర్పింది ఖాదర్ మేస్త్రీయే. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా బండ్ల కింద పడుకుని లేచినవాడు. నన్ను "అమ్మీ" అని పిలిచేవాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం స్పానర్ గురించి కాదు. ట్రయల్‌లో బండెక్కగానే చెయ్యి చాచి పాటలు ఆపేసేవాడు. "బండి మాట్లాడేటప్పుడు ఇంగొకరు పాడకూడదు అమ్మీ" అనేవాడు.

మా సారు గురించి ఒక్క వాక్యం చాలు. షెడ్డు పెట్టకముందు ఆయన స్పేర్ పార్టుల వ్యాపారి కాబట్టి, స్టాకులో ఏ సామాను ఎక్కువగా ఉంటే ఆ నెలలో బండ్లకు ఆ జబ్బే వచ్చేది.

బురద కోసం వెతికిన మనిషి

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు దగ్గరికి వస్తాను. రెండేళ్ల కిందటి సంగతి.

ఓబుల్‌రెడ్డిది బేతంచెర్ల. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. వాళ్ల నాయన సైకిలు మీద క్వారీలన్నీ తిరిగాడని చెప్పుకునేవారు. కొడుక్కి తిరగాల్సిన అవసరం లేదు, అందుకని జీపు కొన్నాడు. కొన్నాక దాన్ని జీపుగా ఉండనివ్వలేదు. నాలుగు అంగుళాలు పైకి లేపించాడు. నా నడుమెత్తు టైర్లు వేయించాడు. వాటికి తెల్లరంగు కొట్టిన వెడల్పాటి ఇనుప రిమ్ములు. ముందు ఎనుమును, అదే గేదెను, నెట్టగలంత బంపరు. పైన ఆరు లైట్లు. మిట్టమధ్యాహ్నం వచ్చినా అవి వెలుగుతూనే ఉండేవి. ఇదంతా అడవి దారుల కోసమట. అడవి దారి అంటే బేతంచెర్ల నుంచి కర్నూలుకు వచ్చే తారురోడ్డు.

ఇక్కడ కొంచెం చదువు చెప్పాలి. బండిని తయారు చేసినవాళ్లు ముందు చక్రాలు ఎంత వాలుగా ఉండాలి, అడ్డంగా ఉన్న రాడ్డు ఏ కోణంలో ఉండాలి అని లెక్కలు కట్టి పెడతారు. లేపించేవాడు ఒక వెల్డింగ్ మిషనుతో ఆ లెక్కలన్నీ ఒక పూటలో రద్దు చేస్తాడు. అప్పటినుంచి ప్రతి కీలు మీదా, ప్రతి రబ్బరు బుష్షు మీదా అలవాటు లేని బరువు పడుతుంది. కాబట్టి ఇలాంటి బండి స్టీరింగ్ వణికితే అందరూ ముందు అనుమానించేది కీళ్లనే. అనుమానం సహజమే. కానీ సహజమైన అనుమానం మన చేత చూడాల్సింది చూడకుండా చేస్తుంది.

ఇంత బండి చేయించుకున్నాక బురదలో దిగకపోతే పరువేముంది? కానీ బేతంచెర్లలో బురద ఎక్కడిది? మా సీమలో వాన పడిందంటే చుట్టాలకు ఫోన్ చేసి చెప్పుకుంటాం. ఓబుల్‌రెడ్డి దానికీ దారి వెతికాడు. పాలిష్ ఫ్యాక్టరీల్లో రాయిని నీళ్లు పోస్తూ కోస్తారు. ఆ నీళ్లతో కొట్టుకొచ్చిన రాతిపొడి పెరుగులా తెల్లగా వెనక గుంతల్లో చేరుతుంది. స్నేహితులను పిలిచి, వీడియో తీసేవాణ్ణి గట్టున నిలబెట్టి, జీపును అందులోకి దించేవాడు.

మొదటిసారి బండి తెచ్చినరోజే ఆ వీడియో మేస్త్రీకి చూపించాడు.

"చూడు మేస్త్రీ, ఎట్ల ఎగురుతాండాదో!"

మేస్త్రీ కళ్లజోడు సర్దుకుని చూశాడు. "రెడ్డీ, ఇది జీపా, ఎనుమా?"

"అట్లనాకు. శానామంది చూసినారు దీన్ని."

"ఎనుమును కూడా శానామంది చూస్తారప్పా."

ఓబుల్‌రెడ్డే అందరికంటే గట్టిగా నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. వాళ్ల వెనక నిలబడి ఆ వీడియో నేనూ చూశాను. ఆ రోజు డైరీలో నేను రాసుకున్న వాక్యం ఇదీ: "రాతి బురద ఎగిరితే మల్లెపూలు చల్లినట్టుంది." ఏడేళ్ల అనుభవమున్న నిపుణురాలి పరిశీలన అది.

సున్నా, సున్నా

ఫిర్యాదు ఏమిటంటే డెబ్బై దగ్గర స్టీరింగ్ వణుకుతోంది. మేస్త్రీ బండిని లిఫ్టు మీద ఎక్కించి ముందు కీళ్లన్నీ పట్టి ఊపి చూశాడు. అడ్డ రాడ్డు బుష్షు ఒకటి అరిగింది. మార్చి, అన్నీ బిగించాడు. నేను చక్రాలకు బ్యాలెన్సింగ్ చేశాను.

బ్యాలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేట్టు చూడటం. మిషను మీద తిప్పితే ఎక్కడ ఎంత తక్కువో చెబుతుంది. అక్కడ రిమ్ము లోపలివైపు సీసం బిళ్లలు అంటిస్తాం. ముందు ఎడమ చక్రానికి మిషను ఎన్నడూ అడగనంత సీసం అడిగింది. పెద్ద టైర్లు, నాసిరకానివి, అంతే ఉంటుందిలే అనుకున్నాను. రిమ్ము లోపలివైపు తెల్లగా, నున్నగా ఉంది. గుడ్డతో తుడిచి బిళ్లలు అంటించి మళ్లీ తిప్పాను. తెర మీద రెండు సున్నాలు వచ్చాయి. మా పనిలో దానికంటే అందమైన దృశ్యం లేదు. దాన్ని నమ్మినంతగా నేను బైబిల్లో కొన్ని పేజీలను కూడా నమ్మలేదు.

నాలుగు రోజుల్లో బండి తిరిగొచ్చింది. అదే వణుకు.

ఈసారి మా సారు స్వయంగా వైద్యానికి దిగాడు. ఆ నెల ఆయన దగ్గర స్టీరింగ్ డ్యాంపర్లు పేరుకుపోయి ఉన్నాయి. డ్యాంపర్ అంటే స్టీరింగ్ కొట్టుకోకుండా అదిమిపట్టే గొట్టం. జబ్బును తగ్గించదు, జబ్బు చప్పుడు చేయకుండా నోరు మూస్తుంది. "ఇది ఎయ్యి, చచ్చినా వణకదు" అని వేయించాడు. నేను మళ్లీ చక్రాలు తిప్పి చూశాను. ఎడమ చక్రం మీద నేను అంటించిన బిళ్లల్లో మూడు లేవు. జిగురు మంచిది కాదు, రాలిపోయాయి అనుకున్నాను. కొత్తవి అంటించాను. మళ్లీ రెండు సున్నాలు.

అమ్మాయిలూ, ఇక్కడ ఆగి నన్ను తిట్టుకోండి. రాలిన బిళ్ల "నేనెందుకు రాలాను" అని అడుగుతోంది. నేను జిగురు మీద నెపం పెట్టాను. నోరు లేనిదాని మీద నెపం పెట్టడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. నోరున్నా ఎదురు చెప్పని మనిషి మీద పెట్టడం ఇంకా సుఖమని ఆ తరువాత వారం తెలిసింది.

ఒక మంచి పోలిక

డ్యాంపర్ ఎనిమిది రోజులు నోరు మూసింది. తొమ్మిదో రోజు ఓబుల్‌రెడ్డి షెడ్డులోకి వచ్చేసరికి మేస్త్రీ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

ఖాదర్ మేస్త్రీ కుడిచెయ్యి అప్పటికి రెండేళ్లుగా వణికేది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే. స్పానర్ నట్టు మీద పడిందంటే ఆ వణుకు ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగిపోయేది. షెడ్డులో ఇది అందరికీ తెలుసు. కానీ ఓబుల్‌రెడ్డి చూసింది టీ గ్లాసును.

"సారూ, ఇట్ల రా. ఈయప్ప చెయ్యి చూడు. చేతులు వణికేటోడు బిగిస్తే స్టీరింగు వణక్క ఏం చేస్తాది?"

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. నవ్వడం అయిపోయాక నమ్మాడు.

నేను చిన్నప్పటినుంచి కథల పుస్తకాలు ఎవరికీ కనబడకుండా చదివినదాన్ని. పోలిక బాగా కుదిరిందంటే ఇక రుజువు ఎవరూ అడగరని నాకు అంతకుముందే తెలిసి ఉండాల్సింది. మా దగ్గర లక్షల ఖరీదు మిషను ఉంది, రకరకాల గేజీలు ఉన్నాయి. అన్నీ కలిసి ఆ ఒక్క వాక్యం ముందు పనికిరాకుండా పోయాయి.

"మేస్త్రీ, ఇదే ఆఖరు" అన్నాడు సారు. "ఈసారి కూడా వణికితే నువ్వు ఇంటికాడ కూసో. నా షెడ్డు పేరు పోతాంది."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "సరే సారూ" అన్నాడు. అంతే. ఆయన చెయ్యి వణకలేదనీ అనలేదు, బిగించింది వదులు కాలేదనీ అనలేదు.

ఆయన జీపు దగ్గరికి వెళ్తుంటే వెనకే వెళ్లి, "మీరెందుకు ఏమీ చెప్పలేదు?" అని అడిగాను.

"ఏం చెప్పేది అమ్మీ? చెయ్యి వణుకుతాండాది నిజమే గదా." తర్వాత నవ్వకుండా అన్నాడు: "ఇంటికాడ కూసోమంటాండాడు. ఇంట్లో ఈ చేతికి ఏం పని? నట్టు మీద పెడితేనే ఇది ఆగేది."

నీళ్ల సీసా

ట్రయల్‌కు ముగ్గురం వెళ్లాం. స్టీరింగ్ దగ్గర ఓబుల్‌రెడ్డి, ఎడమ సీట్లో నేను, వెనక మేస్త్రీ. బండిలో పాటలు చెవులు పగిలేలా మోగుతున్నాయి. మేస్త్రీ చెయ్యి వెనక సీటు నుంచి అందదు. కాబట్టి నేనే అడగాలి. ఊరు దాటేదాకా ధైర్యం కూడగట్టుకుని, "అన్నా, పాటలు కొంచెం ఆపుతారా?" అన్నాను.

"యాల?"

"బండి మాట వినాలి."

ఆయన నన్ను పైకీ కిందికీ చూసి ఆపాడు. వెనక మేస్త్రీ దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

నీళ్ల సీసా సగం ఖాళీ చేసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. బండి నడపడం రాని మనిషి ఏడేళ్లుగా కనిపెట్టిన పరికరం అది. అరవై దగ్గర సీసాలో నీళ్ల మీద సన్నటి గీతలు మొదలయ్యాయి. డెబ్బై దగ్గర నీళ్లు వణికాయి. ఎనభై అయిదు దగ్గర మళ్లీ నిలిచాయి.

"అన్నా, స్టీరింగ్ మీద చేతులు వదులుగా పెట్టండి."

"వదులుగా పెడితే బండి యాడికి పోతాదో తెల్దు మ్మా."

"యాడికీ పోదు రెడ్డీ," వెనక నుంచి మేస్త్రీ. "బిగించింది నేనే గదా. కీళ్లు గట్టిగా ఉండాయి."

వదులుగా పెట్టాడు. బండి గీత గీసినట్టు నేరుగా పోయింది. బ్రేకు తొక్కమన్నాను, వణుకు పెరగలేదు. కావాలని ఒక గుంతలోకి పోనిమ్మన్నాను. ఒక్క కుదుపు కుదిపి ఊరుకుంది. కీళ్లు వదులుంటే గుంత దాటాక స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటుంది, వేగం తగ్గించేదాకా ఆగదు. ఒకే వేగంలో వచ్చి, ఆ వేగం దాటగానే పోయే వణుకు కీళ్లది కాదు. చక్రం బరువుది.

చక్రం బరువు చూసింది ఎవరు?

సీసాలో నీళ్లు చూస్తూ కూర్చున్నాను. మేస్త్రీ తప్పు లేదని తేల్చిన లెక్కే తప్పు నాదని తేల్చింది. ఇంకో పావుగంట ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే బాగుండుననిపించింది.

"ఏం అమ్మీ, సీసా ఏం చెప్తాండాది?" అన్నాడు మేస్త్రీ.

"షెడ్డుకు పోయినాక చెప్తా."



తెల్ల పెచ్చు

షెడ్డులో మేస్త్రీ ఎడమ చక్రం విప్పి నా ముందు పెట్టాడు. నేను రెండోసారి అంటించిన బిళ్లల్లో ఒకటే మిగిలి ఉంది. దాన్ని గోటితో పీకాను. బిళ్లతో పాటు అరచేతి వెడల్పు తెల్ల పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. బిస్కెట్టంత మందం. దాని కింద రిమ్ము అసలు తెల్లరంగు మెరుస్తూ కనిపించింది.

నేను ఇన్నాళ్లూ సీసం అంటించింది రిమ్ముకు కాదు, రిమ్ము లోపల గట్టిపడిన రాతి బురదకు. ఓబుల్‌రెడ్డి బండి తెచ్చేముందు ప్రతిసారీ పైన తళతళలాడేట్టు కడిగించేవాడు. లోపలివైపుకు పైపు తగలదు. అక్కడ పాలిష్ పొడి సిమెంటులా పట్టింది. నేను ఆ బురదతో సహా చక్రానికి లెక్క సరిచేశాను. మిషను ఉన్నదున్నట్టే చెప్పింది. రెండు సున్నాలూ నిజమే. రోడ్డెక్కాక ఒక పెచ్చు ఊడిపోతే సున్నా ఎక్కడిది? కొలిచేముందు కడగాలి. ఏడో క్లాసు సైన్సు టీచరు చెప్పిన ముక్క ఇది.

నాలుగు చక్రాలు గీకితే సగం బకెట్ నిండింది. ఓబుల్‌రెడ్డి, సారు, ఇద్దరూ వచ్చి బకెట్ చుట్టూ నిలబడ్డారు. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. బండితో పాటు ఇచ్చే జాబ్‌కార్డు తీసుకుని, దాని మీద రాసి సారు చేతికిచ్చాను.

ఆయన బడిలో హాజరు పిలిచినట్టు పైకి చదివాడు: "తప్పు నాది. రిమ్ములు లోపల కడగకుండా రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేశాను. మేస్త్రీ బిగించినవన్నీ బిగువుగానే ఉన్నాయి. డ్యాంపర్ అవసరం లేదు." చివరి వాక్యం మాత్రం లోపలే చదువుకున్నాడు.

ఓబుల్‌రెడ్డి బకెట్‌లోంచి ఒక పెచ్చు తీసి, విరవడానికి చూశాడు. విరగలేదు. "మా రాయేనా ఇది? ఎట్ల పట్టిందో చూడు సారూ! మా బేతంచెర్ల రాయంటే మాటలా!"

అక్కడున్నవాళ్లలో గర్వపడే అవకాశం ఆయన ఒక్కడికే దొరికింది.

"అయితే మేస్త్రీది తప్పు లేదు గదా సారూ?" అన్నాను. ఆ బకెట్ దగ్గర నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట.

"లేదు లే మ్మా" అన్నాడు సారు. "అయినా ఆయప్ప చెయ్యి వణుకుతాండేది అబద్ధమైతే కాదు గదా."

నిజం బకెట్‌లో ఉంది. పోలిక మాత్రం ఊరంతా తిరుగుతోంది. ఆ వారంలో ఇద్దరు ముగ్గురు వచ్చి, "మా బండి ఆ చేతులు వణికే ఆయనకు ఇయ్యొద్దు" అన్నారు. సారు బండ్లన్నీ ఇంకొకరికి ఇవ్వడం మొదలుపెట్టాడు. మేస్త్రీ రెండు వారాలు స్టూలు మీద కూర్చున్నాడు. ఖాళీగా ఉన్న చెయ్యి ఖాళీగా ఉన్న చేతులు చేసే పనే చేసింది. తర్వాత ఆయనే వెళ్లి, నెలాఖరుకు కడపలో కూతురి దగ్గరికి పోతున్నానని చెప్పాడు. సారు శాలువా కప్పి ఫోటో తీయించాడు.

నాకేమైందంటారా? ఏమీ కాలేదు. "చదువుకున్న పిల్ల, తప్పు ఒప్పుకుంది" అని సారు వచ్చిన ప్రతివాడికీ చెప్పి మెచ్చుకున్నాడు. తప్పు చేసినదానికి మెప్పు వచ్చింది, చేయనివాడికి శాలువా వచ్చింది. తప్పు ఒప్పుకోవడం గొప్ప గుణమని మీకు పుస్తకాల్లో రాస్తారు. మొదటిసారి బిళ్ల రాలినప్పుడే ఒప్పుకుని ఉంటే ఆ టీ గ్లాసును ఎవరూ చూసేవారు కాదు. ఆలస్యంగా ఒప్పుకోవడం ఒప్పుకున్నవాళ్లకే మేలు చేస్తుంది.

కుడి సీటు

జాబ్‌కార్డు రాసిన మర్నాడు మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, "అమ్మీ, ఆదివారం చర్చి అయినంక ఊరి బయట మైదానానికి రా. షెడ్డు వ్యాను తెస్తా" అన్నాడు.

"ఎందుకు?"

"నీకు బండి రాదు గదా. నేర్పిస్తా."

నాకు ముఖం దాచుకోవడానికి చోటు కనబడలేదు. "మీకెవరు చెప్పారు?"

"నీ కాలు చెప్పింది. బండి నడిపేటోళ్లు పక్క సీట్లో కూసున్నా, ముందు ఏదన్నా అడ్డమొస్తే కుడికాలు బ్రేకు కోసరం ఎతుకుతాది. ఏడేండ్లు చూస్తాండా. నీ కాలు ఒక్కసారి కూడా ఎతకలే."

ఏడేళ్లు నేను బండ్లను పరీక్షిస్తున్నానని అనుకుంటున్నాను. ఆయన నన్ను పరీక్షించి, జబ్బు కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా ఉంచుకున్నాడు.

"మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

"నువ్వు చెప్తావేమో అని చూస్తి. చెప్పకపోతివి. నిన్న ఆ కార్డు మీద రాసినావు చూడు, ఇంక చాల్లే అనుకుంటి."

మూడు ఆదివారాలు నేర్పాడు. గేరు మీద నా చెయ్యి, దాని మీద ఆయన చెయ్యి. మొదటివారం ఏ చెయ్యి ఎక్కువ వణికిందో చెప్పడం కష్టం. ఆయన తిట్టే తిట్లు కొన్ని ఉర్దూవి, అర్థం కాక బతికిపోయాను. మూడోవారానికి నా కుడికాలు బ్రేకును వెతకడం మొదలుపెట్టింది.

షెడ్డులో మేస్త్రీ ఆఖరి రోజున ఓబుల్‌రెడ్డి జీపు మళ్లీ వచ్చింది. ఈసారి వణుకు లేదు. ఇంకో రెండు లైట్లు పెట్టించడానికి. లైట్లు పెట్టాక బండి వదిలేసి ఓబుల్‌రెడ్డి ఊళ్లోకి వెళ్లాడు. వెళ్లేముందు తాళంచెవి టేబులు మీద పెట్టి, "మేస్త్రీ, ఒకసారి తిప్పి చూడు, అంతా బాగుండాదా లేదా" అన్నాడు. క్షమించమని అడగడం రానివాళ్లు అలాంటి పనులు చేస్తారు. మేస్త్రీ తాళంచెవి తీసుకుని, తన బ్యాగు భుజాన వేసుకుని, నేరుగా వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాడు. తాళంచెవి నా వైపు చాచాడు.

అంత ఎత్తు బండి ఎక్కడానికే నాకు రెండుసార్లు పట్టింది. మేస్త్రీ పాటలు ఆపేశాడు. నంద్యాల చెక్‌పోస్టు దాటించాను. అరవై. డెబ్బై. నీళ్ల సీసా పెట్టడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. అవసరం లేకపోయింది. స్టీరింగ్ నా చేతుల్లో చప్పుడు లేకుండా నిలబడి ఉంది. బాగైన బండి చేతికి ఎలా ఉంటుందో ఏడేళ్ల తర్వాత మొదటిసారి తెలిసింది. ఎనభై అయిదు దాకా తీసుకెళ్లి మెల్లగా తగ్గించాను.

"ఈడ ఆపు" అన్నాడు మేస్త్రీ. కడప బస్సు ఆగే చోటు అది. దూరంగా బస్సు కనిపిస్తోంది. ఆయన బ్యాగు తీసుకుని దిగాడు. అప్పుడు అర్థమైంది, ఈయన తిరిగి షెడ్డుకు రావడం లేదని.

"మేస్త్రీ, నేనొక్కదాన్నే ఎట్లా పోవాలి?"

ఆయన తలుపు వేసి, కిటికీ మీద చెయ్యి పెట్టాడు. ఇనుము మీద ఆ వేళ్ల చప్పుడు వినిపించింది.

కడపకు వెళ్లాక ఆయన కూతురి నంబరుకు రెండుసార్లు ఫోన్ కలిపి, ఏం మాట్లాడాలో తెలియక రింగవకముందే పెట్టేశాను. మూడోసారి చేద్దామనుకునేలోపు ఆయన పోయాడని షెడ్డుకు కబురొచ్చింది. అందుకని ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి అన్నవే ఆయన నాతో అన్న ఆఖరి మాటలు.

"బండి బాగైపాయ గదమ్మీ. ఇంక పాటలు పెట్టుకోని పో."